అజ్ఞాతంలో ఉన్న నా ఒడికి

ఒడీ,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. నా కుశలం సంగతి సరే, నీ కుశలం ఎలా చెప్పను? నువ్వు కంటికి కనబడి మూడు వారాలైంది. మొన్న కుర్చీలో కూర్చుని కిందికి చూస్తే పొట్ట, ఆ పొట్ట అవతల మోకాళ్ళ అంచులు రెండు. మధ్యలో నువ్వు ఉండాల్సిన చోట కనీసం ఖాళీ కూడా లేదు. ఖాళీ ఉంటే ఫలానావారు ఇక్కడ ఉండేవారు అని చూపించుకోవచ్చు.

అసలు నువ్వు నిజంగా ఉన్నావా అని నాకు మొదటినుంచీ అనుమానమే. చేతికి ఎముకలున్నాయి, మోకాలికి చిప్ప ఉంది, నీకు ఏదీ లేదు. కూర్చుంటే పుడతావు, లేస్తే మాయమవుతావు. ఇలా నిలకడైన అడ్రసు లేనిదాన్ని నమ్ముకుని ఒక మనిషి రెండేళ్ళ మూడు నెలలుగా కాపురం చేస్తున్నాడు. ఆయనగారి బరువు 12 కిలోల పైచిలుకు. అద్దె కట్టడు, ఖాళీ చేయడు. లేవబోతే అరుస్తాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి, నువ్వు బాగానే పనిచేశావు. వాడు ఎక్కడ పడ్డా రిపేరు నీ దగ్గరే. పడ్డచోట ఏడవడు. లేచి, దులుపుకుని, రెండు గదులు దాటి, నీ దగ్గరికొచ్చి కూర్చున్నాక అప్పుడు నోరు తెరుస్తాడు. ఏడుపు కూడా సరైన ఆఫీసులోనే దాఖలు చేయాలని వాడి పట్టుదల. ఇప్పుడు వెనక దవడపళ్ళు వస్తున్నాయి. రెండేళ్ళు దాటాక వచ్చే ఈ పళ్ళు చాటుగా రావు, ఇంటిల్లిపాదినీ నిద్రలేపి మరీ వస్తాయి. ఆ రాత్రుల్లో కూడా నీ మీదే కూర్చుని చొంగ కార్చాడు. గోళ్ళు తీయడం, ముక్కు తుడవడం, చుక్కల మందు వేయడం లాంటి ఆపరేషన్లన్నీ నీ భూభాగంలోనే జరిగాయి. ఒకే ఏనుగు పుస్తకాన్ని వరసగా పదకొండుసార్లు చదివించుకున్నదీ అక్కడే. తొమ్మిదోసారికి ఏనుగు మొహంలో కూడా విసుగు కనిపించింది నాకు.

నీ దుర్మార్గాలూ మర్చిపోలేదులే. వాడు నీ మీద నిద్రపోయిన మరుక్షణం నువ్వు జైలువి. ఫోను చేతికి సరిగ్గా రెండంగుళాల దూరంలో ఉండేది. మోగేది. కాలు తిమ్మిరెక్కేది. తలుపు ఎవరో కొట్టేవారు. నేను మాత్రం ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటూ గోడ మీద బల్లిని చూస్తూ గంటంబావు గడిపేదాన్ని. అప్పుడు నిన్ను ఎంత తిట్టుకున్నానో. ఇప్పుడు తిట్టుకోవడానికైనా లేవు.

నీ స్థలంలో కొత్త కట్టడం లేస్తోందన్న సంగతి మొదట్లో నీకు తెలియలేదు, నాకు తెలుసు. అయినా ఇంత త్వరగా జరుగుతుందనుకోలేదు. పొట్ట కండరాలు మొదటి కాన్పుకే ఒకసారి సాగి ఉంటాయి కాబట్టి రెండోసారి పొట్ట ముందే బయటపడుతుంది. కదలికలూ ముందే తెలుస్తాయి. డాక్టరుగారు ప్రతిసారీ టేపు పెట్టి కొలుస్తారు. పొత్తికడుపు కింద ముందువైపు ఉండే ఎముక పైఅంచు నుంచి గర్భాశయం పైఅంచు దాకా. ఇరవయ్యో వారం దాటాక ముప్ఫై ఆరో వారం దాకా, ఎన్ని వారాలో సుమారుగా అన్ని సెంటీమీటర్లు ఉండాలట. నాకిప్పుడు 32 వారాలు, టేపు కూడా 32 అంది. "చాలా బాగుంది" అన్నారావిడ. ఎవరికి బాగుందో అడగలేదు నేను. ఫైల్లో నా బరువు రాశారు, బీపీ రాశారు, బిడ్డ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో రాశారు. 110 నుంచి 160 మధ్య ఉండాలి, ఉంది. ఒడి ఎన్ని సెంటీమీటర్లు మిగిలింది అన్న గడి మాత్రం ఆ ఫైల్లో ఎక్కడా లేదు. వెతికాను.

ఇంతకీ పాత కాపురస్థుడికి నోటీసు ఎవరూ ఇవ్వలేదు. వాడే కనుక్కున్నాడు.

వాడు కూర్చునే పద్ధతి నీకు తెలుసుగా. పుస్తకం పట్టుకొస్తాడు, నాకు వీపు చూపిస్తాడు, వెనక్కి చూడకుండా లారీ రివర్స్ చేసినట్టు వచ్చేస్తాడు. నువ్వు అక్కడే ఉంటావని అంత నమ్మకం. ఆ రోజూ అలాగే వచ్చాడు. పొట్టకి తగిలి ఆగాడు. ఇంకాస్త గట్టిగా వచ్చాడు. జారి నేల మీద కూర్చున్నాడు. లేచి, మళ్ళీ కొలత చూసుకుని, ఈసారి పక్కనుంచి ప్రయత్నించాడు. ఒక మోకాలి మీద సగం కూర్చుని, ఏనుగు పుస్తకం తెరిచాడు. సరిగ్గా అప్పుడు లోపలినుంచి వాడి నడుము మీద ఒక తన్ను పడింది.

"ఎవలు?" అన్నాడు వెనక్కి తిరిగి.

"బుజ్జి. నీ తమ్ముడో, చెల్లో."

కాసేపు ఆలోచించాడు. "పొమ్మను" అన్నాడు.

చెప్పొద్దూ, న్యాయం వాడి వైపే ఉందనిపించింది నాకు.

తర్వాత రాజీమార్గాలు కొన్ని నడిచాయి. నా పొట్టలో బుజ్జి ఉందని చెబితే చొక్కా ఎత్తి "నా పొట్టలో కూడా" అన్నాడు. పొట్ట కొండైంది, దాని మీద బొమ్మ కారు ఎక్కుతోంది, బొడ్డు దగ్గర ఆగి హారన్ కొడుతోంది. పొట్టలోని బిడ్డ ఇరవై అయిదో వారానికల్లా బయటి శబ్దాలు వినడం మొదలుపెడుతుందట. అమ్మ గొంతు బాగా గుర్తుపడుతుందని అందరూ మురిపెంగా చెబుతారు. మా ఇంట్లో అమ్మ గొంతు వినిపించే సందు ఎక్కడుంది? ఈ ఏడు వారాలుగా ఆ బిడ్డ విన్నదంతా "వద్దు", "నాది", "ఇంకోసారి", కారు హారను. భూమ్మీదికి వచ్చేసరికి అన్నయ్య వ్యాకరణం మొత్తం కంఠతా వచ్చి ఉంటుంది.

నీ బదులు పనిచేయడానికి మా ఆయన ఒడి ముందుకొచ్చింది. పాపం, మంచి ఒడే. విశాలంగా ఉంటుంది, అడ్డంకులు తక్కువ. (పూర్తిగా లేవని అనను.) "రా నాన్నా, ఇక్కడ కూర్చో" అని తొడలు తట్టి మరీ పిలిచారు. వాడు దగ్గరికెళ్ళి, అరచేత్తో నొక్కి చూసి, "గట్టి" అని తీర్పిచ్చి తిరిగొచ్చేశాడు. అప్పటినుంచి మా ఆయన ఒడి ఖాళీగానే ఉంది. ఫోను చేతిలో ఉన్నప్పుడు మాత్రం అరక్షణంలో నిండిపోతుంది, దాన్ని ఒడి గొప్పతనం అనలేం. ఏనుగు పుస్తకం ఆయన చదివినా ఒప్పుకోడు. ఏనుగు తొండం ఎత్తే చోట నేను తీసే రాగం ఆయన తీయరట. నిజమే, తీయరు.

సలహాలిచ్చేవాళ్ళ సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. "వాణ్ణి ఎత్తుకోకు, ఒడిలోకి ఎక్కనీయకు, నీకు మంచిది కాదు" అంటుంది మా అమ్మ. సరేనని వాణ్ణి పక్కన కూర్చోబెడతాను. అయిదు నిమిషాలు కాకముందే "వాణ్ణి అలా దూరం పెట్టకే, దిగులు పెట్టుకుంటాడు" అంటుంది. ఈ రెండు సలహాలూ పాటించడానికి వీలైన భంగిమ ఒకటే ఉంది: వాడు గాల్లో తేలాలి. మా అత్తగారు ఇంకో మెట్టు పైన. "నువ్వు పెద్దోడివైపోయావుగా, పెద్దోళ్ళు ఒడిలో కూర్చోరు" అని వాడికే చెప్పారు. పుట్టినప్పటినుంచీ వాడు మా చిన్నోడు. అడగని ప్రమోషన్ ఇచ్చి పెద్దోణ్ణి చేశారు, అదే చేత్తో ఉన్న కుర్చీ లాగేశారు. పైగా ఈ పెద్దరికానికి లెక్క ఉండదు. బొమ్మ ఇచ్చేయాల్సి వచ్చినప్పుడు పెద్దోడు, కత్తెర అడిగినప్పుడు చిన్నోడు.

వాడూ తక్కువవాడేం కాదు. పెద్దరికం ఇస్తున్నారని తెలియగానే రాజీనామా చేశాడు. కప్పుతో తాగేవాడు సీసా అడిగాడు. నడిచేవాడు పాకాడు. బుజ్జి కోసం సర్దిన పాత బట్టల మూట విప్పి, పిసరంత మేజోడు బొటనవేలికి తొడుక్కుని "నాది" అన్నాడు. కాదని ఎలా అనను? అది నిజంగా వాడిదే. ఆ మూటలో ఉన్నవన్నీ వాడివే. తర్వాత ఆ బుజ్జి తొట్టెలోకి ఎక్కి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకుని, "బుజ్జి నిద్దలోతోంది" అని మాకు ప్రకటించాడు.

రాత్రిళ్ళు నీ అవసరం ఉండదనుకుంటావేమో. చివరి మూడు నెలలూ పక్కకి తిరిగి పడుకోమన్నారు. వాడు నా పొట్టకి కాళ్ళు తన్నిపెట్టి పడుకుంటాడు. బయటినుంచి ఒకటి పడగానే లోపలినుంచి ఒకటి పడుతుంది. మధ్యలో నేను గోడని. గంటకోసారి బాత్రూముకి లేవాలి, ఎందుకంటే లోపలివారు మూత్రాశయాన్ని తలగడ చేసుకున్నారు. నేను ఎంత చప్పుడు లేకుండా లేచినా చీకట్లోంచి "నేనూ వత్తా" అని ఒక గొంతు. తెల్లవారుజామున నాలుగింటికి ముగ్గురం ఊరేగింపుగా వెళ్ళొస్తాం, అందులో ఒకరికి టికెట్ లేదు.

మందుల గొడవ చూడు. ఐరన్, కాల్షియం కలిపి వేసుకుంటే ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు కాబట్టి ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. ఐరన్ మాత్రలు ఎక్కువ మింగితే పసిపిల్లల ప్రాణానికే ముప్పు, అందుకని వాడికి అందకుండా అన్నిటికన్నా పై అరలో పెట్టాం. స్టూలు ఎక్కితే గానీ నాకూ అందదు. స్టూలు ఎక్కొద్దని నాకు ఆజ్ఞ. కాబట్టి నా రక్తం మా ఆయన ఇంటికి ఎప్పుడొస్తే అప్పుడు పెరుగుతుంది.

సరే, అసలు విషయానికొస్తాను. ఇంతసేపూ దాన్ని తప్పించుకుంటూ రాస్తున్నాను.

పోయిన వారం వాడు అడిగాడు. చక్కగా మాటలు కూడదీసుకుని అడిగాడు: "అమ్మా, ఒలి ఏదీ?" చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు నేనూ కిందికి, పక్కలకి చూశాను. ఏం చెప్పాలో తెలియక, "బుజ్జి బయటికొచ్చాక ఒడి మళ్ళీ వచ్చేస్తుంది నాన్నా" అనేశాను. వాడు తలూపాడు. అంతే, గొడవ చేయలేదు. అప్పటినుంచి రోజూ పొద్దున లేవగానే పొట్ట దగ్గరికొచ్చి, "బుజ్జీ, లా" అని పిలుస్తున్నాడు. చూసినవాళ్ళందరూ "చెల్లో తమ్ముడో రావాలని ఎంత ఆత్రమో" అని మురిసిపోతున్నారు. వాడు ఎదురుచూస్తున్నది నీ కోసం.

నేను చెప్పింది అబద్ధం కాదు. నువ్వు వస్తావు. కానీ వచ్చిన రోజునే నీ మీద మూడు కిలోల కొత్త మనిషి ఉంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ఒక్కోసారి అరగంట, ముప్పావుగంట. కూడి చూసుకో నీ తీరిక ఎంతో. పైగా ఆ వయసులో కళ్ళకి 20, 30 సెంటీమీటర్ల దూరం దాకానే స్పష్టంగా కనిపిస్తుందట. అంటే ఒడి నుంచి అమ్మ మొహం దాకా. దానికి తెలిసిన ప్రపంచం అంతే, ఆ ప్రపంచానికి నేల నువ్వు. దాన్ని కూడా కాదని ఎలా అనను?

ఒకే సీటు ఇద్దరికి అమ్మిన బస్సు కండక్టర్ని నేను. ఇద్దరి దగ్గరా చెల్లే టికెట్టే ఉంది.

అందుకని నిన్ను అడిగేదేమిటంటే, తిరిగొచ్చేటప్పుడు కాస్త వెడల్పుగా రా. ఎడమ తొడ వైపు ఒక జానెడు ఉంచు చాలు, వాడు సర్దుకుంటాడు. సర్దుకోడనుకో, అరుస్తాడు, ఆ అరుపేదో అక్కడే అరవనీ. ఏనుగు పుస్తకం పట్టుకోవడానికి నాకు మూడో చెయ్యి కావాలి, ఆ దరఖాస్తు వేరే పెట్టుకుంటాను.

ఇట్లు,
నీ మీద ఒక్కసారైనా కూర్చునే యోగం లేని
నీ సొంతదారు

తా.క.: ఉత్తరం మడతపెట్టేలోగా వాడొచ్చాడు. అలవాటుగా వీపు తిప్పాడు, ఏదో గుర్తొచ్చి ఆగాడు. మళ్ళీ నా వైపు తిరిగి, మోకాళ్ళ మధ్య నిలబడి, పుస్తకాన్ని తెచ్చి పొట్ట మీద పెట్టాడు. సరిగ్గా బల్ల ఎత్తు. పుస్తకం ఒక్కసారి ఎగిరిపడింది. "కదలకు, చదూతున్నా" అని లోపలివారిని కసిరి, తొండం దగ్గర రాగం తీశాడు. నాకన్నా బాగా తీశాడు. పుస్తకం తలకిందులుగా ఉంది, ఇప్పుడు నేను దాన్ని తిప్పనా వద్దా అని చూస్తున్నాను.