కాళ్ల వాపు కనపడితే ఉద్దానంలో ఎంత భయమో

బీపీ మాత్రల మీద మీ వ్యాసంలో, టెల్మిసార్టాన్ వచ్చాక ఆమ్లోడిపిన్ పాతబడిపోయిందన్నట్టు రాశారు. దానికి ఒప్పుకోలేను. ఉత్తర అమెరికాలో 33 వేల మందికి పైగా బీపీ రోగులపై చేసి, 2002లో ఫలితాలిచ్చిన ఆల్‌హ్యాట్ పరిశోధనలో క్లోర్తాలిడోన్, ఆమ్లోడిపిన్, లిసినోప్రిల్ అనే బీపీ మందులు మూడూ గుండెపోట్ల విషయంలో దాదాపు సమానంగానే నిలిచాయి. అసలు తేడా ఎవరి ఒంటికి ఏది పడుతుందన్న దగ్గరే.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర. అమ్మకి ఆమ్లోడిపిన్ 10 ఇచ్చిన కొన్నాళ్లకి చీలమండలు వాచాయి. బొటనవేలితో నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోయేది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో కాళ్లు వాచాయంటే ముందు కిడ్నీయే గుర్తొస్తుంది. రెండు రాత్రులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయిస్తే మామూలుగానే ఉంది. ఆ వాపు మాత్ర వల్లేనట! డాక్టరు గారు డోసు 5కి తగ్గించి, టెల్మిసార్టాన్ 40 కలిపారు. రెండు వారాలకి క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూశారు. వాపు తీసింది.

మావయ్యకైతే ఎనలాప్రిల్ అనే మరో బీపీ మాత్రతో పొడిదగ్గు. టీబీ అనుకుని కఫం పరీక్ష దాకా వెళ్లాం.

మీ వ్యాసంలో ఈ రక్తపరీక్షల ఊసే లేదు, దయచేసి చేర్చండి. నొప్పి మాత్రల సంగతి కూడా. జీడితోటల్లో పనిచేసొచ్చి నడుం నొప్పికి డైక్లోఫెనాక్ కొనుక్కుని మింగేవాళ్లు మా దగ్గర చాలామంది. అది బీపీని పెంచుతుంది, టెల్మిసార్టాన్‌తో కలిస్తే కిడ్నీకి మరీ ప్రమాదం.