చేపకి జబ్బేమిటో చూడకుండానే నాలుగు మందులు పోశాం

ముందే చెప్పేస్తున్నా, పొడుగు పోస్టు. చేప గురించి. తినే చేప కాదు. "ఒక గోల్డ్ ఫిష్ కోసం ఇంత గోలా?" అనేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేం బాధ లేదు. నెల రోజులుగా ఆ మాట వింటూనే ఉన్నాను.

పర్లాకిమిడిలో మాది ఫొటో స్టూడియో, నాన్నగారి కాలం నుంచీ ఉంది. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్లు కూర్చునే బెంచీ పక్కన నూరు లీటర్ల తొట్టి, అందులో బంగారి. 2014లో మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా బరంపురం నుంచి పాలిథిన్ కవర్లో పెట్టుకుని బస్సులో తెచ్చాం. అప్పుడు నా బొటనవేలంత ఉండేది. ఇప్పుడు అరచేతికి సరిపోతుంది. గుండ్రటి పొట్ట, జోడు తోక. ఫొటోకి కదలకుండా కూర్చోని పిల్లల్ని ఎంతమందిని కూర్చోబెట్టిందో లెక్క లేదు. అమ్మాయి చదువుకోడానికి భువనేశ్వర్ వెళ్లిపోయింది, చేప నాకు మిగిలింది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాని ఊడ్చేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఎయిర్ పంపు ఆగిపోయింది. నేనూ మా ఆవిడా వంతులేసుకుని, మగ్గుతో తొట్టిలో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తూ కూర్చున్నాం. బతికింది. అలాంటి చేపని మొన్న మే నెలలో, మంచి ఉద్దేశంతో, వారం రోజుల్లో దాదాపు చంపేశాం.

నేను షటర్ ఎత్తగానే ఆ చప్పుడుకి బంగారి అద్దం మూలకి వచ్చేస్తుంది, తిండి కోసం. గోల్డ్ ఫిష్‌కి మూడు సెకన్లే జ్ఞాపకం ఉంటుందని ఎవరు పుట్టించారో గానీ, వాళ్లని ఒక్క వారం మా స్టూడియోలో కూర్చోబెట్టాలి. ఆ రోజు రాలేదు. అడుగున ఒక పక్కకి ఒరిగి, రెక్కలు ఒంటికి అతికించుకుని కూర్చుంది. మర్నాడు తోక పైకి, తల కిందికి తేలింది.

ఇక మొదలైంది. చేపలమ్మే ఒకాయనకి ఫోన్లో ఫొటో పంపాను. మూడు సెకన్లలో జవాబు: "ఫంగస్ అన్నా, ఎల్లో పౌడర్ వెయ్యి." ఇంకో షాపులో "కాదు కాదు, బ్లూ మందు" అన్నారు. అంటే మిథిలీన్ బ్లూ. మా బావమరిది మందుల షాపు నుంచి టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ తెచ్చి, "మా కోళ్లకి ఇదే వేస్తాం బావా" అని విప్పి పోశాడు. పక్కింటి ఒడియా మాస్టారు "టికే లుణొ వెయ్యండి" అంటే మా ఆవిడ గుప్పెడు ఉప్పు వేసింది. అమ్మ చిటికెడు పసుపు వేస్తానంది గానీ అప్పటికే నీళ్లు పసుపూ నీలమూ కలిసి పచ్చగా, పాచి పట్టిన కోనేరులా తయారయ్యాయి. చేప కనబడ్డమే మానేసింది.

ఎల్లో పౌడర్ ప్యాకెట్ మీద చైనా అక్షరాలు, కింద చీమ తలకాయంత ఇంగ్లీషు. ఎంత నీటికి ఎంత వెయ్యాలో రాసుందేమోనని ఫొటోలకి వాడే లూప్, అదే చిన్న భూతద్దం, పెట్టి వెతికాను, లేదు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడిన ఊరు ఇది.

అందరినీ తిడుతున్నాననుకోకండి, మొదటి ముద్దాయిని నేనే. ఆ సంగతికి వస్తాను. కానీ ఈ పద్ధతి ఎక్కడో చూసినట్టు లేదూ? ఒళ్లు వేడిగా ఉందంటే చాలు, ఏం జ్వరమో అడక్కుండా ఒక ఇంజక్షన్, ఒక సెలైన్, రంగురంగుల మాత్రలు ఒక పొట్లం. తగ్గితే డాక్టరు గొప్ప, తగ్గకపోతే మన కర్మ. మనుషులకి చేసేదే చేపకీ చేశాం.

రెండో రకం వాళ్లు కూడా ఉన్నారు. "పదకొండేళ్లా? ముసలిదైపోయింది, వదిలెయ్యండి." పైకి జాలిలా ఉంటుంది గానీ, ఇది కూడా చూడకుండా చెప్పేసిన తీర్పే. గోల్డ్ ఫిష్ బాగా చూసుకుంటే పది పదిహేనేళ్లు మామూలుగా బతుకుతుంది. ఇంగ్లాండులో టిష్ అనే గోల్డ్ ఫిష్ 1956లో ఒక సంతలో బహుమతిగా వచ్చి, 1999లో చనిపోయింది. 43 ఏళ్లు! 2014లో మెల్‌బోర్న్‌లో జార్జ్ అనే పదేళ్ల చేపకి తల మీద కణితి వస్తే, మత్తు కలిపిన నీళ్లు మొప్పల మీదుగా పోనిస్తూ డాక్టర్లు ఆపరేషన్ చేసి తీసేశారు. ఈ ముక్క చెబితే మా బెంచీ మీద కూర్చున్నాయన పడీ పడీ నవ్వాడు. ఆయన కుక్కకి నెలకి ఎంత ఖర్చు పెడతాడో నాకు తెలుసు, అడగలేదు.

పశువైద్యం చదివిన ఒక స్నేహితుడికి ఫోన్ చేశాను. నవ్వలేదు, అందుకు దణ్ణం. "ఆవుకీ మేకకీ అయితే వచ్చేవాణ్ణి. చేపల గురించి మేం చదివింది తక్కువ, అదీ చెరువు చేపల గురించే" అని నిజం చెప్పాడు. మంచినీటి చేపల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ మన ఒడిశాలోనే, భువనేశ్వర్ పక్కన కౌసల్యాగంగలో ఉంది. బరంపురం దగ్గర రంగైలుండాలో ఫిషరీస్ కాలేజీ ఉంది. అయినా ఇంట్లో చేపకి ఒంట్లో బాలేకపోతే మాలాంటి ఊళ్లవాళ్లకి దిక్కు ఎల్లో పౌడరే.

చివరికి కాపాడింది రొయ్యలు. సోంపేట వైపు రొయ్యల చెరువులు చేసే మా పెద్దమ్మ కొడుకు ఏదో పని మీద వచ్చాడు. తొట్టి వంక చూసి, "ఏట్రా తమ్ముడూ ఇది, రంగుల హోలీయా? నీళ్లు చూశావా?" అన్నాడు.

"కనబడుతూనే ఉన్నాయి కదా అన్నయ్యా."

"కళ్లతో కాదురా. రొయ్య తేలితే మేం రొయ్యని చూడం. ముందు నీళ్లు పరీక్ష చేస్తాం. పీహెచ్ ఎంత, అంటే నీళ్లు ఆమ్లమా క్షారమా; అమ్మోనియా ఎంత, ఆక్సిజన్ ఎంత. మందు సంగతి ఆ తరవాత."

రంగు నీళ్లలో రంగు చూసే పరీక్ష చెయ్యలేం కాబట్టి రెండు రోజులు నీళ్లు మారుస్తూ, బొగ్గు పొడి సంచీ వేలాడదీసి రంగు పోగొట్టాం. తరవాత అన్నయ్య పంపిన అమ్మోనియా పరీక్ష కిట్ తీశాను. చిన్న గాజు గొట్టంలో అయిదు మిల్లీలీటర్ల నీళ్లు, రెండు సీసాల్లోంచి లెక్కపెట్టి చుక్కలు, మూత పెట్టి ఊపడం, అయిదు నిమిషాలు ఆగడం. డార్క్‌రూమ్‌లో కాగితం మీద బొమ్మ తేలడం చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ అయిదు నిమిషాలూ అచ్చం అలాగే ఉంది. పసుపు పచ్చగా ఉంటే సున్నా. మాది లేతాకు రంగు నుంచి ముదురాకు రంగుకి పోయింది. కార్డుతో పోల్చి చూస్తే 2 పీపీఎం, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాములు. అన్ని నీళ్లు మార్చాక కూడా! ఉండాల్సింది సున్నా. పైగా మా బోరు కలిసిన నీళ్లు పీహెచ్ 8 దాకా ఉంటాయి, పీహెచ్ పెరిగే కొద్దీ అదే అమ్మోనియా మరింత విషం. మే ఎండ సరేసరి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీళ్లు ఏడున్నరే పట్టుకుంటాయి.

అమ్మోనియా ఎక్కడిది? చేప మొప్పల్లోంచి, పెంటలోంచి రోజూ వస్తూనే ఉంటుంది. ఫిల్టర్ స్పాంజిలో కాపురమున్న బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. చివరిది పెద్దగా హాని చెయ్యదు, నీళ్లు మారిస్తే పోతుంది. అంటే తొట్టిలో మనం పెంచేది ఒక చేపనీ, దానికి పాకీపని చేసిపెట్టే కోట్ల సూక్ష్మజీవుల్నీ. ఇప్పుడు నా నేరం. స్టూడియోకి రంగులు వేయించినప్పుడు, అంతా శుభ్రంగా ఉండాలని, ఆ స్పాంజిని మున్సిపాలిటీ కుళాయి కింద పెట్టి తెల్లగా మెరిసేదాకా పిండాను. క్లోరిన్ నీళ్లలో! తొట్టిలోకి పోసే ప్రతి బకెట్‌లో రెండు మూడు హైపో పలుకులు వేసేవాణ్ణే. హైపో అంటే సోడియం థయోసల్ఫేట్, నాన్నగారు ఫిల్ము ఫిక్స్ చెయ్యడానికి వాడినదే, క్లోరిన్‌ని విరిచేస్తుంది. డబ్బా ఇంకా ఉంది. చేపకి క్లోరిన్ తగలకూడదని తెలిసినవాణ్ణి, స్పాంజికి కూడా ప్రాణం ఉందని తట్టలేదు. తొట్టిలోని నీళ్లే ఒక గిన్నెలోకి తీసుకుని అందులో మెల్లగా పిండితే సరిపోయేది. అరకొర మిగిలిన బ్యాక్టీరియాని మా బావమరిది టెట్రాసైక్లిన్ పూర్తి చేసింది.

వైద్యం చూస్తే ఇంతే. రోజూ మూడో వంతు నీళ్లు మార్చడం, హైపో వేసి. తిండి మూడు రోజులు బంద్. పాతపట్నంలో ఒకరింట్లో ఏళ్ల తరబడి నడుస్తున్న తొట్టి ఉంటే, బతిమాలి ఆ స్పాంజిలో సగం ముక్క తెచ్చాను. తడి ఆరకుండా వాళ్ల తొట్టి నీళ్లలోనే ముంచి, బండి మీద. లేకపోతే కొత్త స్పాంజిలో బ్యాక్టీరియా పట్టడానికి నెలా నెలన్నర పడుతుంది. ఉప్పు కూడా వేశాం. గుప్పెళ్లతో కాదు, నౌపడ కల్లుప్పు లీటరుకి ఒక గ్రాము చొప్పున, కిరాణా కొట్టు కాటా మీద నూరు గ్రాములు తూచి, కరిగించి. మంచినీటి చేప ఒంట్లోకి నీళ్లు ఊరుతూనే ఉంటాయి, మూత్రపిండాలు తోడిపోస్తూనే ఉంటాయి. కాస్త ఉప్పుంటే ఆ చాకిరీ తగ్గుతుంది, నైట్రైట్ విషం కూడా అంతగా ఎక్కదు. మాస్టారు చెప్పింది పూర్తిగా తప్పు కాదన్నమాట, కొలతే లేదు.

ఎనిమిదో రోజుకి రెక్కలు విచ్చుకుంది. పదో రోజున షటర్ చప్పుడుకి వచ్చింది, వంకరగా.

ఆ వంకర మాత్రం పోలేదు. ఇక్కడ వయసుని ఒప్పుకుంటాను. ఈ గుండ్రటి పొట్ట చేపలు తరతరాలుగా ఎంచి ఎంచి జతకట్టించి మనుషులు తయారు చేసినవి. పొడుగ్గా ఉండాల్సిన చేపని కుదించి బంతిలా చేశారు, లోపల పేగులూ, నీళ్లలో నిలకడగా తేలడానికి ఉండే గాలితిత్తీ ఇరుక్కుని ఉంటాయి. గాలితిత్తికి రెండు అరలు, పేగుదారి నుంచి దాంట్లోకి ఒక గొట్టం. కడుపు ఉబ్బినా, మింగే మేతతో గాలి పోయినా, వయసుతో లోపల ఏది దెబ్బతిన్నా ముందు తేడా కొట్టేది బ్యాలెన్సే. అందుకే తేలే మేత మానేశాం. దీనికి జీర్ణాశయమే లేదు, కాబట్టి ఒకేసారి దండిగా కాకుండా కొంచెం కొంచెం. వారానికి రెండుసార్లు ఉడకబెట్టిన పచ్చి బఠాణీ, తొక్క తీసి, గోటితో నాలుగు ముక్కలు చేసి. నీటి మట్టం సగానికి దించాను, పైకి ఈదే శ్రమ తగ్గాలని.

జబ్బు కానివాటికి కూడా మందు పోస్తారు, అది ఇంకో ఖర్మ. నాలుగేళ్ల కింద బంగారి మొప్ప మూతల మీదా ముందు రెక్కల మీదా తెల్లటి చుక్కలు కనబడితే వైట్ స్పాట్ అనే రోగమని కంగారుపడి నీళ్లు వేడి చేశాను. తీరా అవి గుడ్లు పెట్టే కాలంలో మగచేపకి వచ్చే పొక్కులు. అప్పుడు తెలిసింది బంగారి మగవాడని. పేరు మార్చలేదు. ఈమధ్య నారింజ రంగు పోయి తెల్లబడుతున్నాడు, అదీ వయసుతో వచ్చేదే, మన జుట్టులాగే.

పొలుసులన్నీ నిక్కబొడుచుకుని ఒళ్లు సీతాఫలంలా కనబడిందంటే మాత్రం నిజంగా భయపడాలి. మూత్రపిండాలు చేతులెత్తేసినట్టు, ముసలి చేపలో చాలా వరకు తిరిగి రాదు. ఆ రోజొస్తే ఏం చెయ్యాలో మా ఆవిడా నేనూ అనుకున్నాం. చేపలకి మత్తు ఇవ్వడానికి లవంగనూనె వాడతారు, మోతాదు బాగా పెంచితే నిద్రలోనే పోతుంది. మహేంద్రతనయ నదిలో వదిలెయ్యమని ఇద్దరు సలహా ఇచ్చారు, పుణ్యమట. తొట్టిలో పుట్టి పెరిగిన విదేశీ చేపని, దాని రోగాలతో సహా ఏట్లో వదలడంలో పుణ్యం నాకైతే కనబడలేదు.

ఎనిమిదిన్నరైంది, షటర్ దించాలి. పర్లాకిమిడిలోగానీ పాతపట్నంలోగానీ మీ తొట్టిలో చేప నలతగా ఉంటే, ఏ పొడీ వెయ్యకముందే నీళ్లు పట్టుకుని స్టూడియోకి రండి. కిట్‌లో ఇంకా ముప్పై పరీక్షలకి సరిపడా చుక్కలున్నాయి, డబ్బులొద్దు. బాటిల్ బాగా కడిగి తొట్టి నీళ్లతోనే తొలిచి పట్టండి, కూల్‌డ్రింకు వాసనొచ్చే సీసాలు తేకండి. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఉండను.