మహారాజశ్రీ ప్యాకేజీ గారికి

మహారాజశ్రీ ప్యాకేజీ గారి దివ్యసముఖానికి, మాదాపూర్ నుంచి ఒక ఉద్యోగి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా ఈఎంఐ తారీఖు దాకా క్షేమం. తమరు ఏడాది పొడవునా క్షేమమేనని అప్రైజల్ లెటర్ల వల్ల తెలుస్తూనే ఉంది.

మీ పలుకుబడి ముందు మేమెంత. మా ఊళ్లో నా పేరు మర్చిపోయిన వాళ్లకు కూడా మీరు గుర్తున్నారు. కాలేజీ వాళ్లు వేయించిన ఫ్లెక్సీలో నా ఫొటో స్టాంపు సైజులో ఉంటే, మీరు రోడ్డు అవతలికి కనిపించేంత ఉన్నారు. పెళ్లిచూపులకు వెళ్తే మంచినీళ్లు ఇవ్వకముందే మిమ్మల్ని అడుగుతారు: "అబ్బాయి ప్యాకేజీ ఎంతండీ?" మా పెద్దనాన్న కాస్త గొంతు సవరించుకుని, 3 లక్షల 60 వేలను 4 లక్షలు చేసి చెబుతాడు. అబద్ధం చెప్పాడని ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ, ఆయన కలిపింది 40 వేలే. మీరు కలిపింది దాదాపు లక్ష.

లెక్క మీకు తెలియనిదా! అయినా చెబుతాను, మా పెద్దనాన్న కూడా చదువుతాడు కాబట్టి. ఏడాదికి 3 లక్షల 60 వేలంటే నెలకు 30 వేలు. ఖాతాలో పడేది 22 వేలు. మిగతా 8 వేలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ మీ లోపలికి వచ్చాను. కంపెనీ కట్టాల్సిన పీఎఫ్ వాటా 1,800 కనిపించింది. నా వాటా ఇంకో 1,800. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ అని ఓ 720. ఇన్సూరెన్సు ప్రీమియం 480. తెలంగాణ ప్రభుత్వానికి వృత్తి పన్ను 200. ఆ మూల చీకట్లో 3 వేల రూపాయల వేరియబుల్ పే.

గ్రాట్యుటీ చేతికి రావాలంటే, 1972 నాటి చట్టం నుంచీ వస్తున్న నియమం ప్రకారం నాలాంటి పర్మినెంటు ఉద్యోగి ఒకే చోట ఐదేళ్లు పనిచేయాలి. ఈలోగా నేను మానేసినా, వాళ్లే మాన్పించినా అది రాదు. రాకపోవచ్చని తెలిసిన డబ్బును నెలనెలా నా జీతంలో చూపించే ధైర్యం మీకు తప్ప ఎవరికుంది? ఇన్సూరెన్సు సంగతి సరే, జ్వరమొస్తే నాకే కదా. వేరియబుల్ మాత్రం క్లయింటు బడ్జెట్ తగ్గినా, మేనేజరు మూడ్ బాగోకపోయినా తగ్గిపోతుంది. కంపెనీకి నష్టమొస్తే నేను భాగస్వామిని. లాభమొస్తే వాటాదారులు వేరే ఉన్నారు, నేను ఉద్యోగిని.

అసలు నన్ను కుదిపేసింది పీఎఫ్. మా బిల్డింగు గేటు దగ్గర ఏజెన్సీ తరఫున పనిచేసే సెక్యూరిటీ అన్న ఒకాయన ఉన్నాడు. మీ పేరు ఆయన ఎన్నడూ వినలేదు. "చేతికెంత పడతది తమ్మీ?" అని మాత్రమే అడిగాడు. చెప్పాక తన గోడు చెప్పుకున్నాడు. కాంట్రాక్టరు పీఎఫ్ రెండు వాటాలూ ఆయన జీతంలోంచే కోస్తాడట. ఇది తప్పు. యజమాని వాటాను ఉద్యోగి జీతంలోంచి కోయకూడదని 1952 నాటి పీఎఫ్ స్కీములోనే ఉంది. నేను ఆవేశంగా ఇదంతా చెప్పేసి పైకెళ్లి నా ఆఫర్ లెటర్ తీసి చూసుకున్నాను. రెండు వాటాలూ నా 30 వేలలోంచే పోతున్నాయి. అయితే ఆయనది కోత, నాది స్ట్రక్చర్. ముందు జీతంలో కలిపి చూపించి ఆ తర్వాత తీసేస్తే చట్టానికి కూడా అభ్యంతరం ఉండదు కాబోలు. పైగా నేను ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాను, స్వీట్లు కూడా పంచాను.

2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చినప్పుడు మా ఫ్లోరంతా ఒకటే టెన్షన్. అలవెన్సుల వాటా మొత్తంలో సగం దాటితే, దాటినదాన్ని కూడా వేతనంగానే లెక్కించాలన్నారు. పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలకు ఆధారమైన బేసిక్ జీతాన్ని తక్కువ చూపించి వాటిని మిగుల్చుకునే తెలివికి ఇది విరుగుడు. మంచిదే. కానీ మీరున్నారుగా! యజమాని ఎంత ఎక్కువ కట్టాలన్నా ఆ ఎక్కువను కూడా మీరే మింగి, పైన అంకె కదలకుండా కూర్చోగలరు. భారం యజమాని మీద వేశామని చట్టం చేసినవాళ్లు అనుకుంటారు. అది మాత్రం మీ గుండా తిరిగి నా మీదికే వస్తుంది.

మీరు కదలరని ఊరికే అనలేదు. పెద్ద ఐటీ కంపెనీల్లో ఫ్రెషర్ల దగ్గర మీరు పదిహేనేళ్లుగా మూడు, మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతున్నారు. హాస్టల్ ఫీజు, షేర్ ఆటో, ఇడ్లీ ప్లేటు, ఏదీ మీ అంత నిగ్రహం చూపలేదు. కదిలితే కిందికి కదులుతారు. 2023 ఫిబ్రవరిలో విప్రో, ఆరున్నర లక్షలకు ఆఫర్ ఇచ్చి నెలల తరబడి కూర్చోబెట్టిన ఫ్రెషర్లను మూడున్నర లక్షలకు వస్తారా అని అడిగింది. అదే ఆ పిల్లలు చేరే ముందురోజు, ఆరున్నర కాదు, తొమ్మిదిన్నర ఇస్తేనే వస్తామని మెయిల్ పెట్టి ఉంటే? ఆఫర్ లెటరు ఎవరి చేతిలో ఉంటే ఒప్పందం, ఎవరి చేతిలో ఉంటే ఆశ అన్నది మీకు ముందే తెలుసు.

మిమ్మల్ని వదిలించుకునే శక్తి నాకు లేదు. చిన్న మనవి. ఆఫర్ లెటర్లో మొదటి లైను చేతికొచ్చే మొత్తానికి వదిలేయండి, అదీ మీ సైజు అక్షరాల్లోనే. కంపెనీ కట్టాల్సినవి కంపెనీ ఖాతాలో రాయించండి. వచ్చే ఆదివారం అల్వాల్‌లో పెళ్లిచూపులున్నాయి. అడిగినప్పుడు నేను 22 వేలని చెబుతాను, దయచేసి మధ్యలో అడ్డు రాకండి. మా పెద్దనాన్నకు కూడా ఇదే మాట చెప్పాను, ఆయన ఇంకా ఒప్పుకోలేదు.

ఇట్లు,
తమలో నాలుగింట మూడు వంతులకు కూడా తక్కువైన
ఒక ఉద్యోగి

తా.క. వేరియబుల్ గారికి విడిగా రాద్దామనుకున్నాను. ఈ క్వార్టర్‌లో వారు ఊళ్లో లేరని హెచ్‌ఆర్ వాళ్లు చెప్పారు.