మూడు కంటైనర్లు, ఒకే బ్యాచ్

తిరుపతిలో లా చదివే పిల్లల కోసం రాసిన వాదోపవాదం ఇది. దావా ఊహించినదే, కానీ చిత్తూరు మామిడి గుజ్జు వ్యాపారం తెలిసినవాళ్లకి కొత్తగా అనిపించదు. ఫ్యాక్టరీ ఒకే ఒప్పందం కింద మూడు కంటైనర్ల తోతాపురి గుజ్జు పంపింది. మూడోదాంట్లో డ్రమ్ములు ఉబ్బాయి. గుజ్జు కొన్నాయన మొత్తం డబ్బు ఆపేశాడు. ఫ్యాక్టరీ 64 లక్షలకు కమర్షియల్ కోర్టులో దావా వేసింది: గుజ్జు ధర 60, ఆయన వేరే సరుకు దాచినందుకు కోల్డ్ స్టోరేజీ అద్దె 4. గుజ్జు పులిసి తనకే 35 లక్షలు నష్టమని ఆయన కౌంటర్ క్లెయిమ్ (ఎదురు దావా) పెట్టాడు. మొదటి రెండు కంటైనర్ల ధర 40 లక్షలకు, సాక్షుల్ని విచారించకుండానే తీర్పు (సమ్మరీ జడ్జిమెంట్) ఇమ్మని ఫ్యాక్టరీ ఇప్పుడు అడుగుతోంది. ఫ్యాక్టరీకి తిరుపతి లాయరు, కొన్నాయనకి చిత్తూరు లాయరు.

తిరుపతి: అక్కా, ముందు రైతు సంగతి చెప్తాను. 2025లో తోతాపురి ధర పడిపోతే ప్రభుత్వం కిలోకి 12 రూపాయలు అంది. అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలని, 4 తాను ఇస్తానని చెప్పింది. గుజ్జు అమ్మిన డబ్బు చేతికి రాకపోతే ఫ్యాక్టరీ ఆ 8 ఎక్కడి నుంచి తెస్తుంది? గొడవంతా మూడో కంటైనర్ మీద. మొదటి రెండింటి డబ్బు ఎందుకు ఆగాలి? క్లెయిమ్‌లో కొంత భాగానికైనా సమ్మరీ జడ్జిమెంట్ అడగొచ్చని, కమర్షియల్ దావాలకి వర్తించే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 13-ఎ చెప్తోంది కదా.

చిత్తూరు: అడగొచ్చు తమ్ముడూ. కానీ రూల్ 3లో రెండు గడపలున్నాయి. మా వాదన నిలిచే నిజమైన అవకాశం ఏదీ లేదని నువ్వు చూపించాలి. అది దాటాక, సాక్ష్యం వినకుండా తేల్చకూడదనడానికి ఇంకే బలమైన కారణమూ ఉండకూడదు. మూడు కంటైనర్లదీ ఒకే బ్యాచ్ అయినప్పుడు రెండు గడపలూ కష్టమే.

తిరుపతి: బ్యాచ్ ఒకటైతే ఏం? ఇన్‌వాయిస్‌లు మూడు, గడువులు మూడు. మీ క్లయింటే వాట్సాప్‌లో ‘రెండూ అందాయి, వచ్చే వారం డబ్బు వేస్తా’ అని పెట్టాడు.

చిత్తూరు: మూడోది తెరవడానికి పది రోజుల ముందు పెట్టాడు. అందాయన్నాడు, గుజ్జు ఎలా ఉందో అందులో ఒక్క మాటా లేదు.

తిరుపతి: రెండు నెలలు గోడౌన్‌లో ఉంచుకుని వెనక్కి తీసుకోమనలేదు. సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం సెక్షన్ 42 ప్రకారం సరుకు అంగీకరించినట్టే.

చిత్తూరు: అంగీకరించాడనే అనుకో. సరుకు తిప్పి పంపే హక్కు పోతుంది. ధర తగ్గించమనే హక్కు ఎక్కడికి పోతుంది? అదే చట్టం సెక్షన్ 59 చదువు. వారంటీ, అంటే సరుకు గురించి ఇచ్చిన హామీ, తప్పితే ఆ నష్టం మేరకు ధర తగ్గించమనొచ్చు, నష్టం అంత పెద్దదైతే అసలు ఇవ్వననొచ్చు. గుజ్జు సంగతి తేలకుండా 40 లక్షలు బాకీ అని జడ్జి ఎలా రాస్తారు?

(దావా అంతా ఈ ప్రశ్న మీదే నిలబడిందని నా నమ్మకం. కౌంటర్ క్లెయిమ్ అనగానే వేరే గొడవ అనుకుంటాం. ఇక్కడ అది ధరలోకే చొచ్చుకొచ్చింది.)

తిరుపతి: మీ ల్యాబ్ రిపోర్ట్ మూడో కంటైనర్‌కే ఉంది. మిగతా రెండూ చెడ్డాయన్నది నోటిమాట.

చిత్తూరు: ఆ రెండింటి డ్రమ్ములు సీలు వేసి ఉంచాం. పరీక్షకి కోర్టు తరఫున నిపుణుణ్ని (కమిషన్) వెయ్యమని ఆర్డర్ 26 రూల్ 10-ఎ కింద పిటిషన్ ఇచ్చాం, ఇంకా విచారణకి రాలేదు. అసలు డ్రమ్ము ఎందుకు ఉబ్బింది? దారిలో లోపలి సంచికి చిల్లు పడి గాలి దూరితే తప్పు మూడో కంటైనర్‌తో సరి. అప్పుడు నువ్వన్నట్టు విడదీయొచ్చు. ఫ్యాక్టరీలో గుజ్జుకి వేడి సరిగ్గా తగలకపోతే బ్యాచ్ మొత్తం అనుమానమే. ఏది నిజమో మీ ప్లాంట్ కెమిస్టు బోనెక్కితే గానీ తెలియదు. ఈ మూడింటినీ విడదీయొచ్చా లేదా అన్నదే తేలనప్పుడు, విడదీసి తీర్పు ఎలా అడుగుతావు?

తిరుపతి: సెక్షన్ 38 ఉందక్కా. విడతలుగా పంపి, విడతకో చెల్లింపు పెట్టుకున్నప్పుడు, ఒక విడతలో తప్పు దానితోనే పోవచ్చు.

చిత్తూరు: ‘పోవచ్చు’ అన్నావు, బాగుంది. ఒప్పందం షరతుల్ని బట్టి, సందర్భాన్ని బట్టి చూడమనే ఆ సెక్షన్ చెప్తోంది. సందర్భం తెలియాలంటే సాక్ష్యం కావాలి. ఇవాళ జడ్జి రెండు కంటైనర్లూ బాగున్నాయని డిక్రీ ఇచ్చి, రేపు కెమిస్టు మాట విని ఆ బ్యాచే చెడిందని రాస్తే? ఒకే గుజ్జు మీద ఒకే కోర్టువి రెండు మాటలు. డిక్రీ మీద అరవై రోజుల్లో మేం హైకోర్టుకి వెళ్తాం. దావా ఒక కాలు అమరావతిలో, ఒక కాలు ఇక్కడ. కెనడాలో ఒంటారియో అప్పీల్ కోర్టు 2017లో బుటేరా కేసులో ఈ భయమే చెప్పింది. మనకి అది కట్టుబాటు కాదు. అయినా పార్షియల్ సమ్మరీ జడ్జిమెంట్, అంటే దావాలో కొంత భాగానికే తీర్పు, అరుదుగానే ఇవ్వాలి, అసలు దావా నుంచి సులువుగా విడిపోయే విషయానికే ఇవ్వాలి అన్న ఆ మాట మన జిల్లాకీ సరిపోతుంది.

తిరుపతి: అయితే కౌంటర్ క్లెయిమ్ పెట్టిన ప్రతివాడూ ఏళ్ల తరబడి డబ్బు బిగబట్టుకోవచ్చా? మామిడి పెట్టుబడికి అప్పు తెచ్చిన రైతు ఎన్నాళ్లు ఆగుతాడు?

చిత్తూరు: ఆగకూడదు. నాకూ తోటలున్న బంధువులున్నారు. అందుకే అడుగుతున్నా, ఆర్డర్ 15-ఎ ఎందుకు వాడుకోవు? మొదటి కేస్ మేనేజ్‌మెంట్ హియరింగ్ (దావా ఎలా నడవాలో కోర్టు తేదీలు ఖాయం చేసే విచారణ) నుంచి ఆరు నెలల్లో వాదనలు ముగియాలని అందులో ఉంది. సాక్షుల్ని రోజువారీ విచారించమని అడుగు, నేను వాయిదా కోరను. మా వాదన నెగ్గడం అనుమానమే అని కోర్టుకి తోస్తే, ఆర్డర్ 13-ఎ రూల్ 7 కింద డబ్బు కోర్టులో కట్టించొచ్చు.

తిరుపతి: కోర్టులో కట్టిన డబ్బు రైతు ఇంటికి రాదక్కా.

చిత్తూరు: రాదు, నిజమే. కానీ పారిపోదు కూడా. ఆ కోల్డ్ స్టోరేజీ అద్దె 4 లక్షలు మాత్రం వేరే ఒప్పందం. బాకీ ఉన్నామని జవాబుదావాలో మేమే ఒప్పుకున్నాం. దానికి ఏ కెమిస్టూ రానక్కర్లేదు. పార్షియల్ తీర్పు అడగాల్సింది అక్కడ, నువ్వేమో అది వదిలేశావు.

తిరుపతి: ఇష్యూస్, అంటే కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు, ఎల్లుండి ఖరారు చేస్తారు. ఆ తర్వాత ఆర్డర్ 13-ఎ పిటిషన్ వెయ్యడానికి వీల్లేదు.

చిత్తూరు: రేపే వెయ్యి. అద్దెకి నేను అడ్డు చెప్పను. 40 లక్షల డిపాజిట్ అడిగితే మాత్రం గట్టిగా వాదిస్తా.

తిరుపతి: అడుగుతాను. కెమిస్టుకి సమన్లూ రేపే అడుగుతాను.