విశ్రాంతి కూడా జీతంలో భాగమే

మహిళా బాస్కెట్‌బాల్‌లో మోకాలి గాయాలకు శరీర నిర్మాణమే కారణమని ఈమధ్య వచ్చిన ఒక వ్యాసంలో తేల్చేశారు. అది సగమే నిజం. ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలితే మోకాలి కీలును పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంటు తెగే అవకాశం పురుషులకంటే స్త్రీలకు ఎక్కువన్న మాట వాస్తవం. కానీ ఆ కాలికి విశ్రాంతి దొరికిందా అని ఎవరూ అడగరేం?

బ్రియానా స్టీవర్ట్‌నే తీసుకోండి. 2018లో అమెరికా మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో అత్యుత్తమ క్రీడాకారిణి. అమెరికాలో సీజన్ ముగిశాక అక్కడి జీతం చాలక, ఇంటిపట్టున ఉండే వీలు లేక రష్యా జట్టు కుర్‌స్క్‌కు ఆడింది. 2019 ఏప్రిల్‌లో యూరప్ క్లబ్బుల పోటీ యూరోలీగ్ ఫైనల్లో షాట్ వేసి దిగేసరికి మడమ వెనుక అకిలీస్ స్నాయువు తెగింది. ఆ ఏడాది డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ మొత్తం పోయింది. అసలు లీగ్‌లో ఆట పోయింది, పొట్టకూటి లీగ్‌లో తగిలిన దెబ్బ వల్ల!

మరో డబ్ల్యూఎన్‌బీఏ తార డయానా తౌరాసీ కథ ఇంకా విడ్డూరం. 2015లో అమెరికాలో ఆడకుండా విశ్రాంతి తీసుకొమ్మని ఆమెకు డబ్బిచ్చింది ఆమె ఆడే రష్యా జట్టు యెకాతెరిన్‌బుర్గ్. అప్పట్లో డబ్ల్యూఎన్‌బీఏ గరిష్ఠ వేతనం లక్ష డాలర్లకు కాస్త పైన. రష్యాలో ఆమెకు అంతకు పదింతలకు మించి ముట్టేదని అప్పటి వార్తలు. కాళ్ల విలువ సొంత లీగ్‌కంటే పరాయి జట్టుకే బాగా తెలిసిందన్నమాట.

తారల సంగతి సరే, బెంచీ మీద కూర్చునే అమ్మాయి మాటేమిటి? 2024లో లీగ్‌కు కొత్తగా వచ్చిన తార కైట్లిన్ క్లార్క్‌కే తొలి ఏడాది జీతం 76,535 డాలర్లు. ఆమెకు ప్రకటనల ఆదాయం ఉంది. మిగతావారికి మోకాలే పెట్టుబడి. 2025లో లీగ్‌లోని మేటి ఆటగాళ్లు ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్‌కు ముందు క్రీడాకారిణులు ‘మాకు రావలసింది ఇవ్వండి’ అన్న అర్థంలో రాసిన చొక్కాలు వేసుకొచ్చింది ఇందుకే. వ్యాసంలో దాని ఊసే లేదు.