టర్ఫ్ దొరగారికి ఒక హాకీ పిచ్చోడి అర్జీ

గౌరవనీయులైన సింథటిక్ టర్ఫ్ (హాకీ ఆడే కృత్రిమ గడ్డి మైదానం) గారికి,
గచ్చిబౌలి, హైదరాబాద్.

అయ్యా,

తమరు కడుపు నిండా నీళ్ళు తాగి చల్లగా ఉన్న వేళ చూసుకుని ఈ అర్జీ పెట్టుకుంటున్నాను. ఎండిపోయి ఉన్నప్పుడు మీతో పెట్టుకుంటే మోకాలి మీద తోలు మిగలదని హాకీ ఆడిన ఎవరినడిగినా చెబుతారు.

ముందుగా దేశం తరఫున మీకు కృతజ్ఞతలు. దాదాపు యాభై ఏళ్ళుగా మన హాకీ పెద్దలకు, నాలాంటి అరుగు విశ్లేషకులకు మీ అంత అక్కరకొచ్చిన సాకు ఇంకొకటి లేదు. 1975లో కౌలాలంపూర్‌లో పచ్చగడ్డి మీద ప్రపంచకప్ గెలిచాం. మరుసటేడు మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి మిమ్మల్ని పరిచారు. మనకు ఏడో స్థానం దక్కింది. 1928 నుంచి ఆడిన ప్రతి ఒలింపిక్స్‌లోనూ ఏదో ఒక పతకం తెచ్చిన జట్టు ఆ ఏడు ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. ఇంకేముంది, విచారణ ముగిసింది, ముద్దాయి మీరే. గొర్రెలకూ గడ్డికీ పేరుపడ్డ న్యూజిలాండ్ అదే మాంట్రియల్‌లో మీ మీద ఆడే స్వర్ణం ఎత్తుకుపోయింది కదా అని అడిగేవాళ్ళు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. ఆ సంగతి మన సాకులో ఇమడదు మరి.

1982 ఢిల్లీ ఏషియాడ్ ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో 7-1తో చిత్తయినప్పుడూ కొంత నింద మీ నెత్తికే చుట్టారు. పాకిస్తాన్ వాళ్ళకు తమరేమైనా మేనమామ వరసా? వాళ్ళూ మీ మీదేగా పరిగెత్తింది! 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు మనకు అర్హతే రాలేదు. 2012 లండన్‌లో తమరు గులాబీ అంచు నీలం పట్టుచీర కట్టినట్టు మెరిసిపోతుంటే, 12 జట్లలో మేం పన్నెండో స్థానంలో నిలిచాం. అంతకంటే కిందకు పోవడానికి అక్కడ మెట్టు లేదు.

తర్వాత మీరు పెద్దగా మారలేదు గానీ మేం గెలవడం మొదలుపెట్టాం. టోక్యోలో జర్మనీ మీద 5-4, పారిస్‌లో స్పెయిన్ మీద 2-1, వరసగా రెండు కాంస్యాలు. అభిమానిగా గంతులేశాను. సాకు పోయిందని దిగులుపడ్డవాళ్ళూ ఉండే ఉంటారు. మరి ఏం మారింది? ఒడిశా ప్రభుత్వం 2018లో జాతీయ జట్లకు స్పాన్సర్‌గా ముందుకొచ్చింది. అంతకన్నా ముఖ్యం, మిమ్మల్ని పిల్లల దగ్గరకు తీసుకెళ్ళింది. సుందర్‌గఢ్ జిల్లాలో గెలిచిన జట్టుకు మేకను బహుమతిగా ఇచ్చే పల్లె పోటీలు జరుగుతాయి. భారత జట్టుకు ఆడిన దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్ ఆ జిల్లావాళ్ళే. అలాంటి పిల్లలకు స్టిక్, కోచ్, దగ్గర్లో టర్ఫ్ దొరికితే ఏమవుతుందో ప్రపంచం చూసింది. ఇందులో రహస్యమేమీ లేదు. మనకు అది కనబడకపోవడమే వింత.

అసలు ఫిర్యాదు ఇక్కడ మొదలవుతుంది దొరగారూ. మన దగ్గర అసలు సెలెక్టర్ మీరే.

జిల్లాపరిషత్ హైస్కూల్లో ఒక పిల్లాడు ఉంటాడు. గ్రౌండ్ అంటే ఎర్రమట్టి, కంకర, మధ్యలో వేపచెట్టు. బంతి ఎటు ఎగురుతుందో బంతికే తెలియదు. ఆ గతుకుల మీద వాడు డ్రిబ్లింగ్ నేర్చుకుంటాడు. పీఈటీ సార్ సొంత జేబులోంచి టేపు కొని స్టిక్కుకు చుట్టి ఇస్తాడు. అండర్-14 జిల్లా సెలెక్షన్లలో వాడు నలుగురిని దాటేసి గోల్ కొడతాడు. రాష్ట్ర క్యాంపులో జీవితంలో మొదటిసారి మీ మీద కాలు పెడతాడు. బంతి రెట్టింపు వేగంతో వచ్చి స్టిక్ కింద నుంచి జారిపోతుంది. వేసుకున్న కాన్వాస్ బూట్లు జర్రున జారతాయి. గట్టు మీద కూర్చున్నవాళ్ళు కాగితం మీద ‘బేసిక్స్ లేవు’ అని రాసి పక్కన పెడతారు. మీరు నోరు కూడా తెరవలేదు, వాడి హాకీ అయిపోయింది.

అప్పటికే మీతో పరిచయం ఉన్న పిల్లల బాధ ఇంకో రకం. వాళ్ళందరికీ పన్నెండేళ్ళకే డ్రాగ్ ఫ్లిక్ (బంతిని స్టిక్కుతో లాగి గోల్‌లోకి విసిరే షాట్) కావాలి. పెనాల్టీ కార్నర్‌తోనే (గోల్ దగ్గర ఒక జట్టు తప్పు చేస్తే ఎదుటి జట్టుకు దక్కే అవకాశం) మ్యాచ్‌లు తేలుతున్నాయి, హాకీ లీగ్ వేలంలో లక్షలు కూడా దాని చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి పిల్లల తప్పేమీ లేదు. కానీ బంతి ఆపడం సరిగ్గా రాకుండానే నడుం మెలిపెట్టి ఫ్లిక్ కొట్టించే కోచ్‌లను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తల్లిదండ్రుల సంగతి వేరే. “సార్, ఎన్ని టోర్నమెంట్లు ఆడితే సర్టిఫికెట్ వస్తుంది? ఇంజినీరింగ్‌లో స్పోర్ట్స్ కోటా ఉందట కదా?” సర్టిఫికెట్ చేతికందిన రోజే స్టిక్ అటక ఎక్కుతుంది. వాళ్ళనీ ఎక్కువగా అనలేను. హాకీ అన్నం పెడుతుందని చెప్పడానికి నా దగ్గర మాత్రం ఏం రుజువుంది?

ఇక పెద్దల ఆట. ఒకప్పుడు మీరు వెలిగారు, కాదనను. 2003లో ఆఫ్రో ఏషియన్ గేమ్స్‌కు హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది, హాకీ ఫైనల్లో పాకిస్తాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచాం. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి సీజన్‌లో హైదరాబాద్ సుల్తాన్స్ విజేతలు. ఆ లీగ్ కొన్నేళ్ళకే మాయమైంది. మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ మన హైదరాబాదీయే అంటే ఇప్పటి పిల్లలు ఆయన ఏ ఐపీఎల్ టీమ్ అని అడుగుతారు.

ఇప్పుడు మళ్ళీ హాకీ ఇండియా లీగ్ వచ్చింది. హైదరాబాద్ తూఫాన్స్ అని మనకో జట్టుంది. జర్మనీకి ఆడిన గొంజాలో పేయా కోసం వేలంలో 68 లక్షలు పెట్టారు. శభాష్! 2025 ఫిబ్రవరి 1న ఫైనల్ కూడా ఆడారు, బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడారు. ఎక్కడా? రూర్కెలాలో. ఆ సీజన్‌లో మా హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మన ఊరి పేరు పెట్టుకున్న తుఫాను ఒడిశాలోనే తీరం దాటింది, ఇక్కడ చినుకు కూడా పడలేదు. తమరు మాత్రం గచ్చిబౌలిలో ఖాళీ గ్యాలరీలను చూస్తూ పడుకున్నారు.

మీ దాహం గురించి కూడా ఒక మాట. మ్యాచ్‌కు ముందు ఒకసారి, హాఫ్ టైంలో ఇంకోసారి, వేల లీటర్లు లాగిస్తారు. తడిస్తేనే బంతి వేగంగా, సాఫీగా పోతుందని, ఆటగాళ్ళ చర్మం కాలదని నాకూ తెలుసు. పారిస్ ఒలింపిక్స్ నాటికి మీ చేత నీళ్ళు మాన్పిస్తామని అంతర్జాతీయ సమాఖ్య చాలా ఏళ్ళ ముందే చెప్పింది. పారిస్‌లో మోతాదు తగ్గించారు గానీ మాన్పించలేకపోయారు. మానేస్తామన్నవాళ్ళు ఎలా మానతారో మా కాలనీలో రోజూ చూస్తున్నదే, ఆశ్చర్యపోలేదు.

ఇంతలో మీ దూరపు చుట్టాలు నగరంలో గల్లీకొకరు వెలిశారు. చుట్టూ వల, పైన ఫ్లడ్‌లైట్లు, గంటకింత అని రేటు. అర్ధరాత్రి దాకా బాక్స్ క్రికెట్. వాళ్ళకు నీళ్ళక్కర్లేదు, సెలెక్షన్లు లేవు, ఎవరొచ్చినా రానిస్తారు. ఇంతటి కులీనులై ఉండి మీరు వాళ్ళను చూసి నేర్చుకోవాల్సి రావడం నాకే ఇబ్బందిగా ఉంది.

నా కోరిక చిన్నదే. ఆదివారం పొద్దున రెండు గంటలు గేటు తెరిపించండి. చుట్టుపక్కల జిల్లాల్లోని మట్టి గ్రౌండ్ల నుంచి బస్సులో పిల్లల్ని తెచ్చుకుంటాం. పతకాలు వద్దు, ఫొటోలు వద్దు, రిబ్బన్ కట్ చేసే పెద్దమనుషులు అసలే వద్దు. బంతి మీ మీద ఎంత జోరుగా వస్తుందో వాళ్ళకు సెలెక్షన్ల కన్నా ముందే తెలిస్తే చాలు. తీరా సెలెక్షన్లలో ఫెయిలయినా, ఆట రాక ఫెయిలవ్వాలి గానీ మీరు తెలియక కాదు.

ఇట్లు,
తమరి మీద ఎన్నడూ ఆడని, ఆడేవాళ్ళను చూస్తూనే ముసలివాడైన
ఒక సికింద్రాబాద్ ఫుల్‌బ్యాక్

తా.క.: ఆదివారాలు నీళ్ళ ఖర్చు భరించలేమని ఆఫీసువాళ్ళు అభ్యంతరం చెబితే, మా అపార్ట్‌మెంట్‌కు వచ్చే ట్యాంకర్లలో ఒకదాన్ని మీ వైపు మళ్ళించగలను. మా అసోసియేషన్ సెక్రటరీకి మాత్రం ఈ ఉత్తరం చూపించకండి.