బీరువాలోని సబ్బు గారికి

మహారాజశ్రీ సబ్బు గారికి,

కంచరపాలెం నుంచి మూడో తరగతి పిల్ల తండ్రి నమస్కరించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం. మీరు బడి బీరువాలో, హాజరు పట్టీల పక్కన, అంతకన్నా క్షేమంగా ఉండడం మొన్న కళ్లారా చూశాను. మీ వీపు మీద కంపెనీ పేరులో ఒక్క అక్షరం చెరగలేదు. పగుళ్లు మాత్రం వచ్చాయి.

మీరు గడప దాటేది అక్టోబర్ 15న. ప్రపంచమంతా చేతులు కడుక్కునే రోజట, 2008 నుంచి చేస్తున్నారు. ఒక పిల్ల చేతిలో మీరు, వెనక 40 మంది ఖాళీ చేతులు, పైన బ్యానరు. ఫొటో వాట్సాప్ గ్రూపులో పడగానే మీరు మళ్లీ లోపలికి, తాళంచెవి ఆయమ్మ కొంగుకి. "బయటెడితే కాకెత్తుకెల్లిపోద్ది బాబూ" అంటుందామె. నిజమే, మా పెరట్లో రెండు పోయాయి. ఊళ్లో కాకుల శుభ్రతకైతే ఢోకా లేదు.

మధ్యాహ్నం బెల్లు కొట్టాక ఏం జరుగుతుందో తలుపు వెనకున్న మీకు కనపడదు, నేను చెప్తాను. మా పిల్ల పక్కన కూర్చున్న బుడ్డోడు ఉడికిన గుడ్డు ఒలిచాడు. తెల్లటి గుడ్డు మీద ఐదు నల్లటి వేలిముద్రలు, పోలీసు స్టేషన్లో తీసుకున్నంత స్పష్టంగా. వాడు కుళాయి కింద చెయ్యి పెట్టే వచ్చాడండీ. మట్టీ, చెమటా, తలనూనే కలిసిన జిడ్డు ఉత్త నీళ్లకి లొంగుతుందా? ఒక కొసతో జిడ్డునీ, రెండో కొసతో నీళ్లనీ పట్టుకుని మురికినీ క్రిముల్నీ లాక్కెళ్లే విద్య మీది. 20 సెకన్లు రుద్దితే చాలు. ఆ విద్యంతా హాజరు పట్టీలకి చూపిస్తున్నారు.

నులిపురుగుల మాత్ర మాత్రం ఠంచనుగా వస్తుంది, ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి. 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్, టీచరు ఎదురుగా నమిలి మింగాలి. కడుపులో పురుగులు పోతాయి. గోళ్ల సందు మట్టిలో గుడ్లుంటే, అవి మళ్లీ నోటి దారే పడతాయి.

నేర్పలేదని అంటే కళ్లు పోతాయి. అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్లు... పిల్లలకి పాటతో సహా వచ్చు. మా పిల్లకైతే పోటీలో స్టీలు గ్లాసు కూడా ఇచ్చారు. నిన్న రాత్రి అన్నానికి పిలిస్తే కంచం ముందు నిలబడి, ఆ స్టెప్పులన్నీ గాల్లో వేసి, లేని నీళ్లు విదిలించి కూర్చుంది.

"చేతులు కడుక్కున్నావా అమ్మా?"

"ఇప్పుడే కదా నాన్నా, చూళ్లేదా?"

అందుకని సోమవారం ఉల్లిపాయల వలసంచి పట్టుకుని వస్తున్నాను. కుళాయికి కడతాను. మీరొస్తానంటే మీరే, కాదంటే పూర్ణా మార్కెట్లో మీ తమ్ముణ్ని కొనుక్కొస్తా. కాకి ఎత్తుకెళ్తే ఇంకోటి కడతా. ఆయమ్మకి ఓ మాట చెప్పి ఉంచండి.

ఇట్లు,
గ్లాసు గెలిచిన పిల్ల తండ్రి